కమ్మలకు సరిపోయే చెవి

యుగ్మవికల్పకం అనే మాట సింగిల్ కాలమ్‌లో పట్టదు. ఈ సంగతి నాకు పత్రికలో పనిచేసే రోజుల్లోనే తెలుసు. మా జిల్లా ఎడిషన్‌లో వారానికొకసారి పదో తరగతి పిల్లల కోసం ఒక పేజీ వేసేవాళ్ళం. జీవశాస్త్రం వంతు వచ్చినప్పుడు అనువంశికత పాఠంలోని మాటలకు అర్థాలు ఇవ్వాలి. ఒకే లక్షణానికి సంబంధించిన జన్యువు రెండు రూపాల్లో దొరికితే, ఆ రూపాలను యుగ్మవికల్పకాలు అంటారని రాసేవాళ్ళం. అర్థం ఒక వరుసలో సరిపోయేది. మాటే సరిపోయేది కాదు. ఒక వారం 'యుగ్మవి' పై వరుసలోనూ 'కల్పకం' కింది వరుసలోనూ పడింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పిల్లలు దాన్ని అట్లాగే బట్టీ పట్టి ఉంటారని అనుకున్నాం.

ఉద్యోగం నుంచి తప్పుకున్న తర్వాత ఆ మాటతో నాకు మళ్ళీ పని పడుతుందనుకోలేదు. పడింది. మా అక్కది జమ్మలమడుగు. కొడుకు దగ్గరే ఉంటుంది. ఆ కొడుకు కూతురు పదో తరగతి ప్రొద్దుటూరులో చదవాలని మా ఇంటికి వచ్చింది. బడి మా వీధి చివరే. ఆ పిల్ల అక్కను జేజీ అంటుంది, నన్ను తాతా అంటుంది. సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకం నా ఒడిలో పడేసి, అడగమంటుంది. ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు. అర్థం కాకపోతే రెండో పక్క చూసుకోవచ్చు. రెండు పక్కలా అర్థం కాకపోతే నన్ను అడుగుతుంది.

"బహిర్గత లక్షణం?" అంటాను.

"జతలో ఒకటున్నా బయటపడేది."

"అంతర్గతం?"

"రెండూ అదే అయితేనే బయటపడేది. ఒక్కటే ఉంటే లోపల్నే కూర్చుంటాది."

"సమయుగ్మజం?"

"రెండూ ఒకటే రకం. విషమయుగ్మజం అంటే రెండూ రెండు రకాలు. అది గూడ అడుగుతావని చెప్పేస్తాండా."

"దృశ్యరూపం?"

"చూస్తే కనపడేది."

"జన్యురూపం?"

"లోపల ఉండేది. చూస్తే కనపడదు, అడిగితే చెప్పరు."

చివరి ముక్క పరీక్షలో రాయొద్దని చెప్పాను. వంటింట్లోంచి మా ఆవిడ, "సంబంధాలు చూసేటప్పుడు గూడ అంతే," అంది. ఆమె చపాతీలు చేస్తూ పాఠమంతా వింటుంది. పరీక్ష పెడితే ఆమెకే ఎక్కువ మార్కులు వస్తాయని నా అనుమానం.

ఆ పాఠంలో ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. చెవి తమ్మెలు చూడాలి. కొందరి తమ్మె కింద విడిగా వేలాడుతుంది. కొందరిది చెంపకు అతుక్కుని ఉంటుంది. విడి తమ్మె బహిర్గత లక్షణం, అతుక్కున్నది అంతర్గత లక్షణం అని పాఠం. ఇంట్లో మూడు తరాల వాళ్ళ చెవులు చూసి, ఎవరిది ఏ రకమో పటం గీసి తేవాలని టీచరు చెప్పింది. నిజానికి చెవి తమ్మె ఒక్క జత జన్యువులతో తేలే వ్యవహారం కాదని ఇప్పుడు తెలుసుకున్నారట. ఆ మాట కూడా టీచరే చెప్పింది. చెప్పి, పరీక్షలో మాత్రం పాఠంలో ఉన్నట్టే రాయమంది. పత్రికలో మేమూ అట్లాగే చేసేవాళ్ళం.

వేరే ఊళ్ళో అయితే ఇది మామూలు హోంవర్కు. ప్రొద్దుటూరులో చెవులు చూడడం అంత మామూలు విషయం కాదు. ఇది బంగారు అంగళ్ళ ఊరు. ఇక్కడ కొత్త ఆడమనిషి ఎదురైతే ముందు చెవులు చూసి, తర్వాత మొహం చూస్తారు. మా ఇంట్లో అయితే చెవి చూడడానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఆ పిల్లకు అది తెలియదు. నాకు తెలుసుగానీ ఆ సమయానికి తట్టలేదు.

మా అవ్వకు, అంటే మా అమ్మను కన్నతల్లికి, ఎర్రరాళ్ళ కమ్మలు ఉండేవి. శానా బరువు. అవి తల్లి నుంచి కూతురికి పోవాలన్న లెక్క మా ఇంట్లో లేదు. ఎవరి చెవికి ఆగితే వాళ్ళకు పోవాలి. అతుక్కున్న తమ్మెకు ఆ కమ్మలు పెడితే ముందుకు వాలి, రాళ్ళు నేల చూస్తాయి. తమ్మె విడిగా, నిండుగా ఉండాలి. మా అమ్మ పెళ్ళికి ముందు అవ్వ ఆమెను నగలు చేసే ఆచారి దగ్గరికి పిలుచుకుపోయి చెవి చూపించింది. ఆచారి చూసి, "ఈ చెవికి ఈ కమ్మలు ఆగవు," అన్నాడు. అంతే. కమ్మలు మళ్ళీ పెట్టెలోకి పోయాయి. అక్క పుట్టి, పెరిగి, చెవి నిండిన తర్వాత అదే ఆచారి ఆ చెవి చూసి సరే అన్నాడు. అవ్వ కమ్మలు మా అమ్మను దాటుకుని అక్కకు వచ్చాయి.

అమ్మ బతికినంత కాలం జొన్నగింజంత దుద్దులు పెట్టుకుంది. పెళ్ళిళ్ళు వచ్చినప్పుడు అక్కను ముందు కూర్చోబెట్టుకుని, కమ్మలు తనే పెట్టేది. వెనక మర బిగించి, కొంచెం దూరం జరిగి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి సరిచేసేది. ఆమె ఏమీ అనేది కాదు. మేమూ అడగలేదు.

రెండో శనివారం సెలవు చూసుకుని ఆ పిల్లా నేనూ జమ్మలమడుగు పోయాం. అక్క వరండాలో కూర్చుని బుడ్డశనగల్లో రాళ్ళు ఏరుతోంది. మనవరాలు సంచి కూడా దించకుండా పెన్సిలు తీసింది.

"జేజీ, తల ఇట్ల తిప్పు."

"యాలకు?"

"చెవులు చూడాల."

అక్క తిప్పింది. ఎడమ తమ్మె రెండు ముక్కలై ఉంది. కుడి తమ్మె తెగలేదుగానీ, రంధ్రం సాగి సాగి నిలువుగా పొడుగు గాటైంది. పిల్ల కాసేపు చూసింది. పుస్తకం తీసి బొమ్మ చూసింది. మళ్ళీ చెవి చూసింది.

"ఇది ఏ రకం జేజీ?"

"చీలిన రకం."

"పుస్తకంలో ఆ రకం లే."

"ఎట్లుంటాది? పుస్తకం రాసినోళ్ళు మనవరాండ్లను ఎత్తుకోనుండరు."

పిల్లకు అర్థం కాలేదు. నేను చెప్పాను. చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఆ పిల్లే జేజి ఒళ్ళో కూర్చుని, మెరుస్తున్న ఎర్రరాయి పట్టుకుని లాగింది. కమ్మ చేతికొచ్చింది, తమ్మె తెగింది. బావ అంతకు కొద్ది రోజుల ముందే పోయాడు. అక్క కమ్మలు పెట్టుకోవడం మానేసింది. బావ పోయినందుకే మానేసిందని ఊళ్ళో అనుకున్నారు. అక్క కాదనలేదు.

పిల్ల పెన్సిలు కొరికింది. "అట్లయితే ఇది ఆర్జిత లక్షణం జేజీ. పుట్టినాంక వచ్చింది. ఇది పిల్లలకు రాదు."

"ఆర్జించి పెట్టింది నువ్వే," అంది అక్క, శనగల్లోంచి చూపు తిప్పకుండా.

జేజి పుట్టుకతో ఏ రకమో ఎట్లా తెలుసుకోవాలనేది సమస్య అయింది. అక్క ఫోటోలన్నిట్లో చెవి నిండా కమ్మలే, తమ్మె కనపడదు. బావ సంగతి ఇంకా కష్టం. ఆయన తలగుడ్డ లేకుండా ఫోటో దిగలేదు. పిల్ల సుద్దముక్క తెచ్చి వరండా బండల మీద కూర్చుంది. అవి నల్లటి కడప బండలు, నల్లబల్ల కంటే బాగా పలుకుతాయి. ఆడవాళ్ళకు గుండ్రాలు, మగవాళ్ళకు చదరాలు గీసింది. విడి తమ్మె జన్యువుకు ఇంగ్లీషు పెద్దక్షరం ఎఫ్, అతుక్కున్న దానికి చిన్నక్షరం ఎఫ్. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి ఈ ఒక్క పని తెలుగు పక్కన కూడా ఇంగ్లీషుతోనే జరుగుతుంది.

"తాతా, మీ అమ్మ చెవులు ఎట్లుండె?"

"అతుక్కుని ఉండేవి."

"బాగా గుర్తుందా?"

"ఆ చెవులు గుర్తుపెట్టుకోవడానికి మా ఇంట్లో కారణం ఉండింది," అన్నాను.

"అట్లయితే ఆమెకు రెండూ చిన్నవే. ఆమె కూతుర్లకు, కొడుకులకు ఒక చిన్నది ఖాయంగా పోతాది. జేజికి ఒక చిన్నది ఉండాది." గుండ్రంలో రాసింది. "అయితే జేజి చెవి ఆచారి చూసి సరే అన్నాడంటివి. అంటే విడి తమ్మె. అంటే ఒక పెద్దది గూడ ఉండాది." అది కూడా రాసింది. "జేజి విషమయుగ్మజం."

"ఏందే అది, రోగమా?" అంది అక్క.

"రోగం గాదు జేజీ. నీలో రెండు రకాలుండాయి. పైకొకటి, లోపలొకటి."

"అది అందరికీ ఉంటాది," అంది అక్క.

మామూలుగా దృశ్యరూపం కళ్ళకు కనిపిస్తుంది, జన్యురూపం ఊహించాలి. మా అక్క విషయంలో జన్యురూపం లెక్కకట్టి తేల్చాం, దృశ్యరూపం మాత్రం చూసి చెప్పలేకపోయాం.

ఇక మిగిలింది అక్క కూతురు. నాకు మేనకోడలు, ఈ పిల్లకు అత్త. పులివెందుల్లో ఉంటుంది. వాళ్ళకు అరటితోట, చీనీతోట ఉన్నాయి, ఇద్దరూ మగపిల్లలు. పిల్ల ఆమెకు ఫోన్ చేసి, "అత్తా, నీ చెవి ఫోటో ఒకటి తీసి పంపు. జేజి ఇంట్లో అందరి చెవులు చూస్తాండాము," అంది. "అందరివీనా?" అని అడిగింది ఆమె. తర్వాత, "పంపుతా," అని వినపడింది. ఫోటో వచ్చింది. తమ్మె చెంపకు అతుక్కుని, చిన్న దుద్దుతో, అచ్చం మా అమ్మ చెవి. నేను ఆ ఫోన్ కొంచెంసేపు చేతిలో పెట్టుకుని చూశాను.

మరుసటి పొద్దున పులివెందుల నుంచి మొదటి బస్సులో మేనకోడలు దిగింది. చేతిలో అరటిపండ్ల సంచి ఉంది. కోపంగా వచ్చినా పండ్లు తేవడం ఆమె మానదు.

"ఎవరి చెవులు చూస్తాండారు?" అంది గడప దగ్గరే.

"కూర్చోమే. నీళ్ళు తాగు," అంది అక్క నిన్నటి శనగల చేట ముందు నుంచి.

"తాగుతాలే. నా చెవి ఫోటో ఎందుకు తెప్పించుకున్యారో నాకు తెల్దా? నన్ను దాటేసి ఈ పాపకిచ్చే పనేగదా?"

"హోంవర్కత్తా," అంది పిల్ల.

"హోంవర్కుకు జేజి కమ్మలెందుకు?"

"కమ్మల మాట ఎవరన్నారే?" అంది అక్క.

"అనకుండానే గదా మన ఇంట్లో ఇచ్చేది. చెవి చూస్తారు, పెట్టె తెరుస్తారు. అంతే గదా మామా?" అని నా వైపు తిరిగింది. "నీకు తెల్దా?"

నాకు తెలుసు. ఈ ఇంట్లో చెవులు చూస్తున్నారంటే కమ్మలు చేతులు మారుతున్నాయని అర్థం. పులివెందుల్లో కూర్చుని ఆమె అర్థం చేసుకున్నది సరిగ్గా అదే. పాఠ్యపుస్తకం చూపించి, ఇది టీచరు చెప్పిన పని అని మెల్లగా వివరించాను. ఆమె పుస్తకం వైపు చూడలేదు. వరండాలోని సుద్దబొమ్మ వైపు చూసింది.

"ఈ ముగ్గులో నేను యాడుండా?"

పిల్ల ఒక గుండ్రం చూపించింది.

"ఇందులో ఏమి రాసినావు?"

"చిన్న ఎఫ్, చిన్న ఎఫ్."

"నాకు రెండూ చిన్నవేనా?"

"అవునత్తా. రెండూ చిన్నవైతేనే తమ్మె అతుక్కుంటాది."

"మీ నాయనకో?"

"నాయనకు ఒకటన్నా పెద్దది ఉంటాది."

"అట్ల చెప్పు," అంది మేనకోడలు. చెప్పులు విప్పి, అప్పుడు లోపలికి వచ్చింది. బొమ్మ పక్కనే కూర్చుని గీతలన్నీ వేలితో వెంబడించింది. మా అమ్మ గుండ్రం దగ్గర ఆగింది. "ఈమెకు గూడ రెండూ చిన్నవే."

"అవునత్తా. ఆమె చిన్నదే జేజికి వచ్చింది. జేజి లోపల దాచిపెట్టుకొనింది. నీకు వచ్చింది అదే."

మేనకోడలు తల్లి వైపు తిరిగింది. "విన్యావామా? కనపడేది నీ కొడుక్కిచ్చినావు. కనపడంది నాకిచ్చినావు. ఇంగ కమ్మలు గూడ అట్లనే ఇయ్యి."

"నేనిచ్చినానా?" అంది అక్క. "నన్నెవరన్నా అడిగినారా, ఏది ఎవరికి ఇయ్యాల్నని?"

"జేజి చేతుల్లో ఏం లేదత్తా," అంది పిల్ల. పాఠం తప్పుగా అర్థమవుతుంటే ఊరుకోలేని పిల్ల. "పెద్దదన్నా పోవచ్చు, చిన్నదన్నా పోవచ్చు. సగం సగం అవకాశం."

"ఔను పాపా. మీ నాయనకు పెద్దది పడింది సగం సగంలోనే. నాకు చిన్నది పడింది సగం సగంలోనే. పంచేకాడికి వస్తే మాత్రం సగం సగం రాదు."

ఇదే సమయంలో మేనల్లుడు, అంటే ఆమె అన్న, రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. కనుబొమ్మల దాకా బూడిద రంగులో ఉన్నాడు. ఏందని అడిగాడు. నీకు ఒకటన్నా పెద్దది ఉందంట అని చెల్లెలు చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. అతని భార్య లోపల అన్నం వడ్డించింది. ఆమె చెవులు ఈ లెక్కలోకి రావు. ఆ ఇంట్లో ఆ రోజు నిమ్మళంగా ఉన్నది ఆమె ఒక్కతే.

"ఒక మాటడుగుతా మామా," అంది మేనకోడలు. గొంతు తగ్గింది. "మీ అమ్మకు కమ్మలు ఇయ్యనప్పుడు ఆమెకు ఏమని చెప్పినారు?"

"ఏమీ చెప్పలేదు. ఆమె అడగలేదు."

"అడక్కపోతే సరిపాయనా?"

అక్క చేతులు శనగల్లో ఆగిపోయాయి. తర్వాత చేట పక్కకు పెట్టింది.

"ఇంతమంది నా కమ్మలకు కాసుకోనుంటే నేనే చెవి అంటించుకుంటా," అంది. "నా చెవి బాగు చేయించుకోని నా కమ్మలు నేనే పెట్టుకుంటా. నేనుండంగనే పంచుకునేదేంది?"

మేనకోడలు అరటిపండ్లు తీసి అందరికీ ఇచ్చింది. పిల్ల తన పండు తింటూ పటాన్ని కాగితం మీదకు ఎక్కించుకుంది. సోమవారం బడికి తీసుకుపోయింది. జేజి గుండ్రం కింద జన్యురూపం రాసి, దృశ్యరూపం దగ్గర ఖాళీ వదిలింది. టీచరు ఎర్ర ఇంకుతో 'చూసి రాయవలెను' అని రాసి, అర మార్కు తగ్గించింది. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తెగిన చెవులు ఆపరేషన్ లేకుండా అతికించబడును అన్న బోర్డు ప్రొద్దుటూరులో ఒక మెడికల్ షాపు పైన ఉంది. బంగారం అమ్మే ఊళ్ళో ఇట్లాంటి బోర్డు ఉండడం సహజం. మెట్లెక్కి పోతే ఒక బెంచీ ఉంటుంది. దాని మీద మా జిల్లా మొత్తం నుంచి వచ్చిన చీలిన చెవులు వరుసగా కూర్చుని ఉంటాయి. మందు పూసి, రెండు ముక్కలూ దగ్గరికి చేర్చి, పట్టీ వేసి పంపుతారు. మళ్ళీ రమ్మంటారు. అక్క ఒక్కతే బస్సెక్కలేదు, కొడుక్కు డ్యూటీలు. ప్రతిసారీ మేనకోడలే పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయి, తల్లిని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో భోజనం చేసేవాళ్ళు. తల్లీకూతుళ్ళు దారిలో ఏమి మాట్లాడుకునేవాళ్ళో తెలియదు. మా ఇంట్లో మాత్రం చీనీకాయల ధర గురించి, బస్సులో కూర్చున్న వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు. కమ్మల మాట రాలేదు. మా ఆవిడ కూడా ఎత్తలేదు, అది ఆమె వల్ల అయ్యే పని కాదని నేననుకునేవాణ్ణి.

చెవి మానింది. చీలిక పూర్తిగా మూసుకుపోయింది. అయితే అతికేటప్పుడు తమ్మె కుంచించుకుపోయి, కింద వేలాడే భాగం లేకుండా పోయింది. ఎడమ చెవి తమ్మె ఇప్పుడు చెంపకు అతుక్కున్నట్టే ఉంది. కుడిది మాత్రం సాగిపోయి విడిగా వేలాడుతోంది. పిల్ల బడి నుంచి వచ్చి రెండు చెవులూ చూసింది.

"జేజీ, ఇప్పుడు ఒకటి నాయన చెవి, ఒకటి అత్త చెవి."

"రాసుకో. మార్కులిస్తారు," అంది అక్క.

"ఇయ్యరు జేజీ. ఎడమది ఆర్జితం."

కొత్తగా రంధ్రం వేయించడానికి ఒక ఆదివారం అక్కా మేనకోడలూ పిల్లా నేనూ ఆచారి దగ్గరికి పోయాం. అవ్వ కాలం ఆచారి లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. ఆయనకూ జుట్టు నెరిసింది. అక్క పెట్టెలోంచి కమ్మలు తెచ్చి ఆయన ముందున్న గుడ్డ మీద పెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత చూశాను. రాళ్ళ మధ్య నల్లగా మురికి పట్టి ఉంది, ఎరుపు మాత్రం అట్లాగే ఉంది. ఆచారి అద్దం పెట్టుకుని కమ్మలు చూశాడు. తర్వాత అక్క ఎడమ చెవి రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. వదిలేశాడు.

"ఈ చెవికి ఈ కమ్మలు ఆగవు మా," అన్నాడు.

మా అమ్మ చెవికి వాళ్ళ నాయన చెప్పిన మాటే అది. అదే మాట, అదే నిదానం. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చెవి గురించి ఎవరైనా అట్లా అనడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ఆచారి కమ్మను అరచేతిలో తూచినట్టు ఆడించాడు. "మాటీలు ఎయ్యండి. బరువు జుట్టు మీదికి పోతాది. మాటీలేస్తే ఏ చెవికన్నా ఆగుతాయి గదా."

మాటీలు మా ప్రాంతంలో ఎవరికీ తెలియనివి కావు. కమ్మ నుంచి చెవి పైదాకా పోయి, జుట్టులో తగిలించే బంగారు గొలుసులు. ఏ పెళ్ళికి పోయినా సగం మంది చెవులకు అవే. చెవి బలం లేని వాళ్ళు వేసుకునేది అందుకే. ఈ సంగతి మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు, మగవాళ్ళలో నాకూ తెలుసు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు.

"మా అమ్మకు గూడ ఆగుండునా?" అంది అక్క.

"ఎవరికైనా ఆగుతాయి మా."

"మరి మా అవ్వకు తెల్దా ఈ ముచ్చట?" అక్క ఇది ఆచారిని అడగలేదు, నన్ను అడిగింది.

"తెలుసు," అన్నాను. "అవ్వే మాటీలు వేసుకునేది."

అక్క నా వైపు చూసింది. అవ్వ ఫోటో మా ఇంటి నడవలో ఉంది. అందులో ఆమె చెవి నుంచి జుట్టులోకి పోయే గొలుసు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఫోటో కింద కూర్చుని మేమందరం ఎన్నోసార్లు భోంచేశాం.

"అంటే చెవి గాదు," అంది అక్క చివరికి. "ఇయ్యాలనుకున్నోళ్ళకు ఇచ్చింది. నెపం చెవి మీద పెట్టింది."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి ప్రయత్నిస్తున్నారు. అది స్టార్టు కావడం లేదు. ఇక చెవి ఒక కారణం కాదు కాబట్టి, కమ్మలు ఎవరికన్నది అక్క నోటితో చెప్పాల్సిన మాటైంది. మేనకోడలు కమ్మల వైపు చూడడం లేదు. గోడకున్న క్యాలెండరు చదువుతోంది. మనవరాలు మాత్రం కమ్మల వైపే చూస్తోంది.

ఆచారి ఒక నూలుపోగు తెంచాడు. మాటీ పొడుగు చెవి నుంచి జుట్టు దాకా మనిషిని బట్టి మారుతుంది, అందుకని కొలత తీసుకోవాలి. "తల ఇట్ల తిప్పు మా," అన్నాడు అక్కతో.

"నాకొద్దు," అంది అక్క. "దానికి కొలువు."

మేనకోడలు క్యాలెండరు నుంచి తల తిప్పలేదు.

"నిన్నేమే," అంది అక్క. "ముందుకు జరుగు. ఆచారికి పనుండాది."

ఆమె జరిగింది. జుట్టు పక్కకు తీసి, ఆచారి ముందు తల వంచింది. ఆచారి నూలుపోగు ఒక కొస ఆమె తమ్మె దగ్గర పట్టుకుని, రెండో కొస చెవి పైకి తీసుకుపోయాడు. సరిగ్గా నిలవలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ నిలవలేదు.

"ఏడిస్తే ఏడువు మా, తల మాత్రం కదిలించద్దు," అన్నాడు. "కొలత తప్పుతాది."

మూడోసారికి కొలత కుదిరింది. అక్క తనకు రెండు చిన్న దుద్దులు అడిగింది. ఎంత చిన్నవని ఆచారి అడిగితే, "జొన్నగింజంత," అంది. కుడి చెవి సాగిన రంధ్రానికి అంత చిన్నవి నిలవవని, కొంచెం పైన కొత్త రంధ్రం వేయాలని ఆయన అన్నాడు. వేయమంది. కొత్త రంధ్రాల్లో దుద్దులు ఆయన పెట్టబోతే, మేనకోడలు ఆయన చేతిలోంచి తీసుకుంది. తనే పెట్టి, మర బిగించి, కొంచెం దూరం జరిగి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి సరిచేసింది.

ఇంటికి నడిచి వస్తుంటే అక్కా నేనూ వెనకబడ్డాం. ముందు పిల్లా మేనకోడలూ నడుస్తున్నారు. కమ్మలు ఆచారి దగ్గరే ఉన్నాయి, మురికి తీసి మాటీలతో కలిపి ఇస్తానన్నాడు. పిల్ల తన విడి తమ్మె ఒకసారి పట్టుకుని చూసుకుంది. తర్వాత అత్త పక్కకు జరిగింది.

"అత్తా, పెండ్లిండ్లకు ఎప్పుడన్నా నాకిస్తావా?"

"అడుగు, ఇస్తా," అంది మేనకోడలు. "అడక్కుంటే ఇయ్యను."